మాడు మీద నిలిచిన నూనె

పాపకి స్నానం చేయించే ముందు మా అత్తయ్యగారు నడినెత్తిన కొబ్బరినూనె పెట్టేవారు. మా దొడ్లో కాయలు ఎండబెట్టి ఆడించిన నూనె. కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద పాపని పడుకోబెట్టి, మాడు మీద చెంచాడు నూనె పోసి అరచేత్తో మెల్లగా అద్దేవారు. అక్కడ ఎముక ఇంకా కలవలేదు. చర్మం కింద మెత్తగా కొట్టుకుంటూ ఉండేది. ఆ చోటు తాకాలంటేనే నాకు భయం. నూనె పోయగానే చెవి వెనక్కి కారిపోయేది. పాప మొహం చిట్లించి తల తిప్పేసేది.

"కుదురుగా ఉండవే! సగం నూనె నా చీరే తాగేస్తోంది" అని ఆవిడ కసిరేవారు. కసురుతూనే ముద్దు పెట్టుకునేవారు.

అప్పటికి పాపకి ఎనిమిది నెలలు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. పలివెల పక్క ఊళ్ళో మా ఇంట్లో అత్తయ్యగారూ, నేనూ, పాపే. నేను డిగ్రీలో బయాలజీ చదివాను. ఆ చదువు నాకు ధైర్యానికి పనికిరాలేదు కానీ, ఒంట్లో ఏది ఎలా చెడిపోగలదో ఊహించుకోవడానికి మాత్రం బాగా పనికొచ్చింది. పాపకి ఎక్కిళ్ళు ఆగకపోతే అమలాపురం ఆసుపత్రికి పరిగెత్తాను. దోమ కుట్టి బుగ్గ వాచినా పరిగెత్తాను. పెరటి గోడ మీంచి ఎవరైనా పలకరిస్తే అత్తయ్యగారికి పండగే.

"మా కోడలు అమలాపురంలోనే కాపురం పెట్టేస్తాదంటండీ. డాక్టరుగారి గుమ్మంలో మంచం వేయించమన్నాను."

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

ఒక శుక్రవారం పాపకి విరేచనాలు పట్టుకున్నాయి. రెండుసార్లు వాంతి కూడా అయింది. అత్తయ్యగారు చిగుళ్ళు తడిమి చూసి, కింద తెల్లగా మొలక తగిలిందని మురిసిపోయారు. "పళ్ళొస్తున్నాయే అమ్మాయ్! పళ్ళకి ఇలాగే అవుతాయి. మీ ఆయనకైతే వారం రోజులు ఆగలేదు." పక్కింటివాళ్ళూ అదే మాట. మా అమ్మ ఫోనులో అదే మాట. ఇంతమంది పిల్లల్ని పెంచినవాళ్ళు అంటున్నారు కదా అని నేను ఓఆర్‌ఎస్ నీళ్ళు కలిపి చెంచాతో పట్టాను. సగం కక్కేసింది.

మర్నాడు అత్తయ్యగారికి వాడపల్లి ఏడో శనివారం. కొడుకు కోసం మొక్కుకుని, వరసగా ఏడు శనివారాలు స్వామి దర్శనానికి వెళ్ళాలని పట్టిన పట్టు. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటి వారం నుంచే. ఆటో చెప్పి ఉంచారు. ఆ రోజు పాపని కూడా తీసుకెళ్ళాలని ఆవిడ ఆశ.

పొద్దున్నే కువైట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. పాప నా భుజం మీద వాలి ఉంది. "ఇవాళ ఏడుపు లేదే? నెమ్మదించినట్టుంది" అన్నారు ఆయన. ఇంట్లోనూ అదే మాట. నెమ్మదించింది, ఏడుపు తగ్గింది, రాత్రి పడుకుంది. నేనూ అలాగే అనుకోవాలని చూశాను.

స్నానానికి పాపని కాళ్ళ మీద వేసుకుని అత్తయ్యగారు నూనె పోశారు. పాప తల తిప్పలేదు. మొహం చిట్లించలేదు.

"చూసేవా అమ్మాయ్, గుడికి అనగానే ఎంత బుద్ధొచ్చేసిందో. చుక్క కూడా జారలేదు."

వంగి చూశాను. నూనె నిజంగానే జారలేదు. మాడు మీద చిన్న గుంట పడి, ప్రమిదలో పోసినట్టు నూనె అందులో నిలబడి ఉంది.

గోచీగుడ్డ విప్పాను. రాత్రి కట్టిన గుడ్డ, పొడిగా ఉంది. నోట్లో వేలు పెడితే నాలుక బంకగా తగిలింది. ఒళ్ళోకి తీసుకుని పాలివ్వబోయాను. చప్పరించలేదు. పిలిస్తే కళ్ళు సగం తెరిచి, ఏడుస్తున్నట్టు మూతి విరిచింది. కన్నీరు రాలేదు.

దోమకాటుకు వెళ్ళినప్పుడు డాక్టరుగారు నన్ను కసరకుండా ఒక మాట చెప్పారు. "ఊపిరి తేలిగ్గా తీస్తోంది, పాలు తాగుతోంది, ఉచ్చ పోస్తోంది, ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయి. ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా ఇంటికెళ్ళమ్మా. వీటిలో ఏది ఆగినా ఇంకెవర్నీ అడక్కు. వచ్చెయ్." ఆ గదిలోంచి సిగ్గుపడుతూ బయటికొచ్చాను గానీ, ఆ మాట మాత్రం నాతోనే వచ్చింది.

"అత్తయ్యగారూ, ఆసుపత్రికి వెళ్దామండి."

"మళ్ళీ మొదలెట్టేవా? పళ్ళకే తల్లీ. స్వామి దగ్గరికే కదా వెళ్తున్నాం, తీర్థం పట్టిద్దాం, ఆయనే చూసుకుంటాడు."

నూనె తుడిచేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని, వేలు పాప మాడు మీద పెట్టాను. రోజూ అద్దే చోటే. వేలు కిందికి దిగింది. ఆవిడ వేలు తీసి, మళ్ళీ పెట్టి చూశారు. తర్వాత పాపని తువ్వాలులో చుట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచారు. ఆటో అతను అప్పుడే వచ్చి హారన్ కొడుతున్నాడు.

"బాబూ, అమలాపురం పోనియ్. పిల్లల డాక్టరుగారి దగ్గరికి."

"వాడపల్లి కదండీ మామ్మగారూ? ఏడో వారం అన్నారు?"

"స్వామి ఎక్కడికీ పోడు. పోనియ్ ముందు!"

"ఆయ్ అండీ."

దారి పొడుగునా చెంచా చెంచా నీళ్ళతో పెదాలు తడుపుతూ పాపతో మాట్లాడుతూనే ఉన్నాను. కాలవ చూడు, కొంగ చూడు, లారీ చూడు. కళ్ళు మూతపడితే పాదం గిల్లేదాన్ని. అత్తయ్యగారు తన చెంగుతో ఎండ పాప మొహాన పడకుండా అడ్డం పెట్టారు. ఆటో ఎటు తిరిగితే చెంగు అటు తిప్పారు.

డాక్టరుగారు పాప పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు, మడతలా నిలిచి మెల్లగా దిగింది. వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. నరం దొరకడం కష్టమైంది. చేతిలో దొరక్క కాలికి సెలైన్ పెట్టారు. సూది గుచ్చినా పాప గట్టిగా ఏడవలేదు. ఆ ఊరుకోవడం నేను జన్మలో మరిచిపోను.

"పళ్ళకి కాదాండీ?" అత్తయ్యగారు గుమ్మం దగ్గర నిలబడే అడిగారు.

"కాదండి మామ్మగారూ. పళ్ళు ఎవరికైనా వస్తాయి. పళ్ళకి ఇన్ని విరేచనాలు కావు. ఒంట్లో నీరంతా పోయింది. ఆలస్యం చెయ్యకుండా తెచ్చేరు, అది మంచి పని. ఇంక ఉచ్చ పోసేదాకా చూద్దాం. పొయ్యగానే సిస్టరుకి చెప్పండి."

ఆ గదిలో మా ఇద్దరికీ ఒకటే పని. వంతులేసుకుని గుడ్డ తడిమి చూడటం. నేను చూసేదాన్ని, పొడి. కాసేపటికి ఆవిడ చూసేవారు, పొడి. కిటికీ అవతల బస్సులు పోతున్నాయి, ఎవరో జామకాయలు అమ్ముతున్నారు. మా ఆయన నాలుగుసార్లు ఫోను చేశారు. అత్తయ్యగారే ఎత్తి, "చూస్తున్నాం నాన్నా, చూస్తున్నాం" అని పెట్టేశారు. నా వైపు తిరిగి, "నువ్వు రాత్రే అని ఉంటే నేను వినుందును కాదు అమ్మాయ్" అన్నారు. నీళ్ళసీసా అందించాను. ఆవిడ తాగలేదు. పాప పెదాలు తడిపారు.

సాయంత్రం ఎండ వాలుతుండగా, సెలైన్ గొట్టం కదలకుండా జాగ్రత్తగా పాపని ఆవిడ ఒళ్ళోకి మార్చాను, కాస్త నడుం వాల్చుదామని. తల ఆనించానో లేదో, అరుపు.

"పోసింది! సిస్టరుగారండీ, పోసేసింది!"

వార్డులో అందరూ తిరిగి చూశారు. అత్తయ్యగారు లేవకుండా, కాళ్ళు కదపకుండా, చీర తడిసిన చోట అరచెయ్యి ఆనించి కూర్చుని ఉన్నారు. నవ్వుతున్నారు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పక్క మంచం దగ్గరి ఆవిడ "చీర మార్చుకోండమ్మా" అంటే, "ఉండండి, వెచ్చగా ఉంది" అన్నారు.

ఆ కేకలకి పాప బెదిరి, మూతి విరిచి, గుక్కపెట్టి ఏడ్చింది. రెండు కళ్ళ నుంచీ కన్నీళ్ళు. నేను గబగబా ఒళ్ళోకి తీసుకుంటే తనే వెతుక్కుని రొమ్ము పట్టుకుంది.