మూల పీట, నల్ల ఒంటె

టైలరమ్మ ఇంట్లో సోఫా మధ్య చోటు బావగారిది. మొగుడికి అన్నగారు, ఆరడుగుల మనిషి, పైగా ఊరి చదరంగం జట్టులో పదకొండేళ్ళుగా నాలుగో ఆటగాడు. ఆయన రాగానే ఆవిడ లేచి, వంటింటి గుమ్మం పక్క మూలనున్న పొట్టి పీట మీద సర్దుకుంటుంది. మరదలికి తనంటే ఎంత మర్యాదో అని ఆయన మురిసిపోతారు. అసలు సంగతి వేరు. ఆ పీట మీద కూర్చుంటే పొయ్యి మీది పాలూ, వీధి తలుపూ, హాల్లో ఆటా ఒక్క చూపులో పడతాయి. ఆదివారాలు అన్నదమ్ములు ఆడుకుంటుంటే, చొక్కాలకు బొత్తాలు కుడుతూ ఆవిడ చదరంగం నేర్చుకున్నది అక్కణ్ణుంచే.

ఈసారి ఊరి జట్టును ఎంచే టోర్నమెంట్ ఆఖరి రౌండుకొచ్చేసరికి ఆ నాలుగో చోటుకు పోటీలో మిగిలింది బావగారూ, టైలరమ్మా. డ్రా అయినా చోటు ఆయనదే. పైగా ఆవిడకు నల్లపావులు వచ్చాయి. ఆ చోటు మీద ఆవిడకెంత ఆశంటే, పొద్దున్న ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టేసింది.

బావగారు నాలుగు బంట్లను తోసుకుంటూ వచ్చి బోర్డు నడిమధ్యన నిలబెట్టారు. టైలరమ్మ ఎదురు వెళ్ళలేదు. ఒంటెను మూల పక్కకు జరిపి, రాజును దాని వెనక దాచుకుంది.

"మొహమాటపడకమ్మా, ముందుకు రా," అన్నారాయన గుసగుసగా.

"పర్లేదు బావగారూ, మీరు కూర్చోండి," అనేసిందావిడ, ఇంట్లో అలవాటు కొద్దీ.

రిఫరీ ఇద్దర్నీ ఉరిమి చూశాడు.

ఇక పక్కనుంచి ఒక్కో బంటుతో గిల్లడం మొదలుపెట్టింది. కుట్టు విప్పాలంటే గుడ్డను లాగకూడదు, ఒక్క దారప్పోగు తెంపితే చాలు. అటొకటి, ఇటొకటి తెగేసరికి ఏ బంటును దేనితో కాయాలో ఆయనకు పాలుపోలేదు. మధ్యంతా ఖాళీ అయింది. అంతసేపూ ఉలుకూ పలుకూ లేని ఒంటె ఏటవాలుగా బోర్డు పొడవునా పోయి, అవతలి మూలనున్న ఏనుగును మింగేసింది. బావగారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఏనుగు లేదు. పది ఎత్తుల తర్వాత ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపారు. టైలరమ్మకు సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం ఇంటికొచ్చిన బావగారు సోఫా వైపు చూడలేదు. తిన్నగా వెళ్ళి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పొట్టి పీట మీద కూర్చుని నాలుగు వైపులా కలియజూశారు.

"ఇక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తున్నాయి కదమ్మా! ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరెప్పుడడిగారు బావగారూ?" అంటూ టైలరమ్మ వెళ్ళి సోఫా నడిమధ్యన కూర్చుని కాళ్ళు చాపుకుంది. "ఎలాగూ అక్కడే ఉన్నారుగా, పాలు పొంగకుండా కాస్త చూస్తూ ఉండండి."