మంచులో పేరు పెట్టి పిలిస్తే

మొన్న ఆదివారం అడిలైడ్ శివార్లలోని మాసన్ లేక్స్‌లో మా మనవరాలింటికి భోజనానికి వెళ్తే, తనూ భర్తా ఐస్‌లాండ్ వెళ్తున్నామని చెప్పి, "అమ్మమ్మా, యూ హావ్ బీన్ దేర్ కదా, ఎనీ టిప్స్?" అని అడిగింది. టిప్స్‌కేం, బోలెడు చెప్పాను. ఒంటికి ఆనుకుని నూలు బట్ట వేసుకోకు, తడిస్తే ఆరి చావదు, లోపలా పైనా ఉన్నిదే వేసుకో. కారు తలుపు తీసేముందు గాలి ఎటు కొడుతోందో చూసుకో, లేకపోతే తలుపు ఊడి చేతికొస్తుంది. కుళాయిలో వేడినీళ్ళు కుళ్ళిన గుడ్ల వాసనేస్తాయి, కంగారుపడకు, తాగడానికి చన్నీళ్ళు పట్టుకో. ఆ వాసనకి నేనైతే హోటలువాళ్ళ గిన్నెల్ని అనుమానించి మొదటిరోజు పస్తు పడుకున్నాను! అన్నీ చెప్పాను గానీ, ఒక్కటి మాత్రం గొంతులోనే ఆగిపోయింది.

నా ఈడువాళ్ళతో అయితే చెప్పుకోవచ్చు. తొంభైల మొదట్లో మావారు అడిలైడ్‌లో యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పేవారు. ఐస్‌లాండ్‌లో ఏదో సదస్సు ఉందంటే, నేనూ వస్తానని పట్టుబట్టి వెంట బయల్దేరాను. చీర మీద, ఇక్కడి తెలుగు ఆంటీ ఒకావిడ అరువిచ్చిన ఉన్నికోటు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు, నా అవతారం చూసి మావారు విమానం దిగేదాకా నవ్వుతూనే ఉన్నారు. మహానుభావుడు, నవ్వడానికి ఆయనకి పెద్ద కారణం అక్కర్లేదు.

సదస్సయ్యాక ఒక ముసలి డ్రైవరు మమ్మల్ని బురదగుంటలు చూడ్డానికి తీసుకెళ్ళాడు. నేలలోంచి బుసలు కొడుతూ ఆవిరి, దాని మధ్య కుతకుత ఉడికే బూడిదరంగు బురద, నడిచే దారికి అటూ ఇటూ తాడు. తాడు దాటొద్దు, పైకి గట్టినేలలా కనిపించినా కింద అంతా మరుగుతూనే ఉంటుందని మరీమరీ చెప్పాడు. పొగమంచు కమ్మితే ఉన్నచోటే నిలబడండి, ఎవరు పిలిచినా కదలొద్దు అని కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మొహంలో నవ్వు లేదు. మావారికి ఇవన్నీ వినే ఓపికెక్కడిది? వింతరాయేదో కంటపడగానే తాడు దాటి కుడివైపుకి వెళ్ళిపోయారు.

అంతలోనే మంచు దిగింది. పట్టపగలు, చాచిన నా చెయ్యి నాకే కనపడలేదు. ఎడమవైపు నుంచి "ఇదిగో" అని పిలుపు. మావారు నన్నలాగే పిలుస్తారు, గొంతూ అచ్చం ఆయనదే. "ఆఁ" అనబోయి ఆగాను, ఆయన వెళ్ళింది ఇటు కాదు కదా! చీకటి వేళ ఎవరైనా పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకొద్దని మా నాయనమ్మ చెప్పేది. రెండోసారి అదే పిలుపు వినిపించింది. మూడోది రాలేదు. అది ఆయనే అయితే, ఈపాటికి ఆ మరిగే బురదలో పడిపోయారేమోనని నా పైప్రాణాలు పైనే పోయాయి.

డ్రైవరు తడుముకుంటూ నా పక్కకొచ్చి, పేరు పెట్టి గట్టిగా పిలువమ్మా, గొంతు విని ఆగుతాడు అన్నాడు. మొగుడి పేరు పలకడమా! గుళ్ళో గోత్రనామాలడిగితేనే పక్కవాళ్ళచేత చెప్పించేదాన్ని. "ఏమండీ" అన్నాను, అది నాకే వినపడలేదు. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని, జన్మలో మొదటిసారి ఆయన పేరు పెట్టి కేకేశాను. జవాబు లేదు. నేను ఏడుస్తూ అక్కడే కూలబడిపోయాను.

మంచు విడేసరికి, కుడివైపు దూరంగా మావారు కొయ్యబొమ్మలా నిలబడి ఉన్నారు. డ్రైవరు దగ్గరికెళ్ళి చేతికర్రతో ఆయన ముందున్న నేలని పొడిస్తే, ఒక్క అడుగు అవతల పెళ్ళ విరిగి ఆవిరి ఎగజిమ్మింది. డ్రైవరు ఆయన్ని తన అడుగుజాడల్లోనే మెల్లగా వెనక్కి నడిపించాడు.

"నా పేరు పెట్టి నువ్వు పిలవడమేమిటే! నువ్వు కాదు, ఇంకేదో పిలుస్తోందనుకుని కాలు కదపలేదు," అన్నారు.

"మరి ముందు ఇదిగో, ఇదిగో అని పిలిచింది మీరే కదా?"

"నేనా? నోరు విప్పితే ఒట్టు."

డ్రైవరుకి మా తెలుగు అర్థం కాకపోయినా, నేను వేలు చూపించిన ఎడమవైపు ఒకసారి చూసి, త్వరగా వ్యానెక్కమన్నాడు. ఆ తర్వాత మావారు ఉన్నన్నాళ్ళూ ఆ పేరు మళ్ళీ నా నోట రాలేదు.

మా మనవరాలూ దాని మొగుడూ పొద్దున లేచింది మొదలు పేర్లతోనే పిలుచుకుంటారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, మాకు లేని చనువది, నాకు కాస్త అసూయ కూడా. కానీ ఆ మంచులో ఎవరో పేరు పెట్టి పిలిస్తే, నా పిచ్చితల్లి, మొగుడే అనుకుని "కమింగ్" అంటూ నడుచుకుంటూ వెళ్ళిపోతుంది.