మట్టం లేని బల్ల మీద ఈత

మా తోడల్లుడు వడ్రంగి. గాజు గొట్టంలో బుడగ అటూ ఇటూ పరుగెత్తే రసమట్టం జేబులో లేనిదే గుమ్మం దాటడు. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీ కొలిచి, తర్వాత కూర్చుంటాడు. ఒకసారి ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చాక కూడా లేచి, మంచం కోళ్ళు సరిచేసి మళ్ళీ పడుకున్నాడు.

అతన్ని ఒక పరిశోధనశాలలో బల్లలు బాగుచేసే పనికి పెట్టుకున్నారు. అక్కడి పెద్దసారు తయారుచేసిన రోబోల పక్కన ఇసుకరేణువును పెడితే, ఇసుకరేణువే ఏనుగులా ఉంటుంది. అవి రక్తంలో ఈదుకుంటూ పోయి, గడ్డకట్టిన చోట తవ్వి దారి చేస్తాయట. బయట అయస్కాంతం ఎటు తిప్పితే అటు వెళతాయట. రెండేళ్ళుగా అవి గాజు గొట్టంలో ఎడమ నుంచి కుడికి బారులు తీరి ఈదుతున్నాయి. ఆ ఒక్క ఘనకార్యానికే సారు మెడలో పతకాలు పేరుకుని, ఆయనకు తలెత్తడం కష్టమైపోయింది.

తోడల్లుడి అక్కకు కాలిలో రక్తం గడ్డకట్టింది. వారంలో ఆపరేషన్ చేయకపోతే కాలు దక్కదన్నారు డాక్టర్లు. ఆవిడ కత్తికి భయపడి, రోబోలకు మొదటి రోగిగా పేరిచ్చేసింది.

ఆ వారంలోనే తోడల్లుడు గాజు గొట్టం ఉన్న బల్ల మీద రసమట్టం పెట్టాడు. బుడగ ఎడమకు పరుగెత్తింది. కుడివైపు కాళ్ళు గోరంత పొట్టి. అలవాటుకొద్దీ వాటి కింద చెక్కపేడు దోపాడు. అంతే, రోబోలన్నీ ఎక్కడివక్కడ చతికిలబడ్డాయి.

"ఏం చేశావయ్యా నా రోబోల్ని?" అని సారు గుండెలు బాదుకున్నాడు.

"వాటి జోలికి పోలేదు సార్. బల్లని సరిచేశా. ఇన్నాళ్ళూ అవి ఈదలేదు, జారాయి."

"మేకులు కొట్టుకునేవాడివి, నువ్వా నాకు చెప్పేది? ఆ చెక్క పీకెయ్! రేపు పెద్దవాళ్ళొస్తున్నారు."

పీకేశాడు. రోబోలు మళ్ళీ కుడివైపు బయల్దేరాయి. ఇంటికి వెళ్ళి అక్కతో చెబితే, "నోర్మూసుకో! సారు మెడలో అన్ని పతకాలు ఊరికే పడ్డాయా?" అని కసిరింది.

మర్నాడు కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు గొట్టం చుట్టూ మూగారు. ముందు వరసలో చక్రాల కుర్చీలో అక్క. రోబోలు కదలగానే చప్పట్లు మోగాయి.

తోడల్లుడు చెయ్యెత్తాడు. "సార్, ఒక్కసారి వాటిని వెనక్కి పిలవండి."

సారు దర్జాగా అయస్కాంతం తిప్పాడు. రోబోలు కుడికే పోయాయి. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, తలకిందులుగా పట్టుకున్నాడు. చెమటలు ఆయన గడ్డం దాకా చేరాయి గానీ, రోబోల్లో ఒక్కటీ వెనక్కి తిరగలేదు.

అక్క కాసేపు చూసింది. "నాయనా, ఇవి నా కాల్లో పనయ్యాక గుండెలోకి పోతే ఎవరు పిలుస్తారు, నువ్వా?" అంది సారుతో. తమ్ముడివైపు తిరిగి, "చూస్తావేంరా, కుర్చీ తొయ్! ఆసుపత్రికి పద!" అంది.

ఆపరేషన్ అయింది, కాలు దక్కింది. తోడల్లుడి ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడింది. సారు మాత్రం, రోబోలకు సొంత అభిప్రాయాలు ఏర్పడుతున్నాయని కొత్త వ్యాసం రాశాడు. దానికీ ఒక పతకం వేశారు.