తప్పు పట్టని పరీక్ష

2006 జూన్‌లో నన్ను క్వాలిటీ విభాగం నుంచి కంప్యూటర్ విభాగానికి మార్చారు. మాది పటాన్‌చెరులో ఒక మందుల కర్మాగారం. అప్పటికి నాకు నలభై మూడేళ్లు, పందొమ్మిదేళ్ల సర్వీసు, హోదా డిప్యూటీ మేనేజర్. ఉత్తర్వులో ఉన్నది ఒక్క వాక్యమే: స్టోర్సు కోసం తయారవుతున్న వెబ్ అప్లికేషనుకు ఆటోమేటెడ్ పరీక్షలు రాయాలి. పరీక్షలంటే అంతవరకు నాకు తెలిసినవి ల్యాబులో చేసేవే.

స్టోర్సు పద్ధతి కొంచెం చెప్పాలి. ముడిసరుకు డ్రమ్ములు గేటు దాటి రాగానే వాటికి పసుపు చీటీ అంటించి విడిగా పెడతారు. ల్యాబు పాస్ చేస్తే ఆకుపచ్చ చీటీ, లేకపోతే ఎర్ర చీటీ. పాసైన సరుక్కి కూడా గడువు తేదీ ఉంటుంది. అది దాటితే మళ్లీ ల్యాబుకు పంపాల్సిందే, తయారీకి ఇవ్వకూడదు. అన్నాళ్లూ రిజిస్టర్లలో ఉన్న ఈ వ్యవహారమంతా బ్రౌజరులో తెరుచుకునే పేజీల్లోకి మారబోతోంది. ఆ పేజీలను మనిషికి బదులు ఒక చిన్న ప్రోగ్రాము తెరిచి, మీటలు నొక్కి, వచ్చిన ఫలితం సరైనదో కాదో చెప్పడమే ఆటోమేటెడ్ పరీక్ష. సరిగ్గా ఉంటే తెర మీద ఆకుపచ్చ గీత వస్తుంది, తప్పయితే ఎరుపు.

స్టోర్సు ఇన్‌ఛార్జి యాదగిరి గారు రోజూ పదింటి నుంచి భోజనాల వేళ దాకా నా పక్కన కూర్చుని పని వివరించాలని ఏర్పాటు చేశారు. ఆయనది ఇస్మాయిల్‌ఖాన్‌పేట వైపు ఒక పల్లె. పొలం తమ్ముడికి అప్పజెప్పి, కర్మాగారం మొదలైన ఏడాదే పనిలో చేరారు. యాభై ఐదు దాటాయి. కీబోర్డు ముట్టుకునేవారు కాదు. చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపే చూస్తుండేవారు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను మేడం అనేవారు.

మొదటి నెలంతా తిప్పలే. పొద్దున పాసైన పరీక్ష మధ్యాహ్నం ఫెయిలయ్యేది. ఒక అక్షరం కూడా మార్చకుండా ఇంకోసారి నడిపితే పాసయ్యేది. పేజీ నెమ్మదిగా వస్తోందని ప్రతి మెట్టు దగ్గరా ఐదు సెకన్లు ఆగమని రాశాను. చాలక పది చేశాను, తర్వాత ఇరవై. అన్నీ కలిపి నడిపితే గంట దాటేది, అయినా ఎక్కడో ఒకచోట ఎరుపు.

యాదగిరన్న రెండు రోజులు ఊరికే చూశారు. మూడో రోజు అన్నారు: "మేడం, కాటా మీద డ్రమ్ము పెట్టినంక ముల్లు నిలబడేదాక సూస్తం గద. ఊగుతుండంగనే రాయం. అట్లని ఉత్తగ పది నిమిషాలు నిలబడం గూడ. ముల్లు నిలబడంగనే రాసుకుంటం."

ఆ పూటే సెకన్ల లెక్కలన్నీ తీసేశాను. మీట కనిపించి, నొక్కడానికి సిద్ధమయ్యేదాకా ఆగు, సిద్ధం కాగానే నొక్కు అని రాశాను. గంట పని పన్నెండు నిమిషాల్లోకి వచ్చింది.

ఇంకో చిక్కు కూడా ఆయనే విప్పారు. పట్టికలో మూడో వరుసను నొక్కమని నేను రాసిన పరీక్ష, కొత్త సరుకు వచ్చినప్పుడల్లా వేరే డ్రమ్మును పట్టుకునేది. "మూడోది అంటే ఎవలికి ఎరుక? నిన్నటి మూడోది ఇయ్యాల ఐదోదైతది. డ్రమ్ముకు నంబరుంటది, నంబరు పెట్టి అడగున్రి" అన్నారు. అలాగే మార్చాను. మళ్లీ ఎప్పుడూ తప్పిపోలేదు.

ఆగస్టులో ఒక గురువారం నలభై పరీక్షలూ ఆకుపచ్చగా వచ్చాయి. నివేదిక మీద సంతకం పెట్టి కంప్యూటర్ విభాగం మేనేజరుకు ఇచ్చాను. సోమవారం నుంచి కొత్త పద్ధతి అమలు. శుక్రవారం పొద్దున యాదగిరన్న ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు.

"అన్ని పచ్చగనే ఉన్నయి, మంచిదే. గడువు దాటిన డ్రమ్ముది సూపియ్యున్రి. గిది ఎర్రగ ఎప్పుడైతది?"

అలాంటి డ్రమ్మును ఇవ్వబోతే ప్రోగ్రాము ఆపాలని, ఆపకపోతే ఎర్రబడుతుందని చెప్పాను.

"ఒక్కసారి ఆపకుంట చేసి సూద్దమా?"

సాఫ్ట్‌వేరు రాస్తున్నతన్ని అడిగి, అభ్యాసానికి పెట్టుకున్న కాపీలో ఆ అడ్డు తీయించాను. పరీక్ష నడిపాను. ఆకుపచ్చే వచ్చింది.

రాసింది మొదటి నుంచి చదివాను. డ్రమ్మును ఇవ్వమని మీట నొక్కాక తరువాతి పేజీ శీర్షిక వచ్చిందా లేదా అన్నది మాత్రమే నా పరీక్ష చూస్తోంది. సరుకు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ శీర్షిక ఒకటే. స్టోర్సులో ఆ డ్రమ్ము మిగిలి ఉందా అన్నది నేను ఎక్కడా అడగలేదు. ఆ ప్రశ్న చేర్చి, అడ్డు ఉన్న అసలు ప్రోగ్రాము మీద నడిపాను. ఈసారి ఎర్రబడింది. ప్రోగ్రాము తేదీలను తేదీలుగా కాక అక్షరాలుగా పోలుస్తోంది. జూన్ ఇరవై ఐదుతో గడువు తీరిన డ్రమ్మును ఆగస్టు పదకొండున అడిగితే, నెల చూడకుండా పదకొండు కన్నా ఇరవై ఐదు పెద్దదని, గడువు ఇంకా ఉందనుకుని వదిలేస్తోంది.

పందొమ్మిదేళ్లలో పెట్టిన సంతకం వెనక్కి తీసుకున్నది ఎన్నడూ లేదు. సోమవారం ఎలాగోలా నడిపించి వెనక సరిదిద్దుకోవచ్చన్న ఆలోచన నాకు రాలేదని చెప్పను. యాదగిరన్న అది కనిపెట్టినట్టున్నారు.

"గిది సక్కగ నడిస్తె నా కుర్చీ పోతది మేడం, నాకెరుకే. తప్పు నడిస్తె ఆ మందు మింగినోళ్లకు కష్టం. మీరు పోయి చెప్పున్రి" అన్నారు.

వెళ్లి చెప్పాను. మిగతా ముప్పై తొమ్మిది పరీక్షల మాటేమిటని మేనేజరు అడిగారు. తెలియదన్నాను. అమలు మూడు వారాలు వెనక్కి పోయింది. ఆ మూడు వారాలూ మేమిద్దరం ఒక్కొక్క అడ్డు తీయించి, ఒక్కొక్క పరీక్ష ఎర్రబడుతుందో లేదో చూశాం. ఇంకో ఆరు ఎర్రబడలేదు. అన్నీ తిరగరాశాను. ఆ ఏడాది నాకు రావాల్సిన ప్రమోషను ఇంకొకరికి వెళ్లింది.

కొత్త పద్ధతి సక్కగానే నడిచింది. మరుసటి ఏడాది స్టోర్సులో సగం మందిని తగ్గించారు. యాదగిరన్న స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. ఆయన వెళ్లిపోయిన రోజు నేను బెంగళూరులో శిక్షణలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి నా పక్కనున్న కుర్చీని ఎవరో సమావేశాల గదికి పట్టుకుపోయారు.

తరువాత నాకు ఆరుగురు మనుషులు, అద్దాల గది, వేగమైన యంత్రాలు వచ్చాయి. పని ఇంకా బాగా చేశాననే అనుకుంటాను. బీరంగూడలో మా ఇంటి ముందు నుంచి ఫ్యాక్టరీ బస్సులు పోతుంటే నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ రెండు కుర్చీల మూల. పది కొట్టగానే తలుపు దగ్గర చెప్పుల చప్పుడు వినిపించేది, ఆ రోజు చేయాల్సిన పని అప్పుడు మొదలయ్యేది. అలాంటి పొద్దు ఇంకొక్కటి దొరికితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

నా దగ్గర చేరినవారికి మొదటి రోజే రెండు సంగతులు చెప్పేదాన్ని. కొత్త పరీక్ష రాస్తే ప్రోగ్రామును కావాలని చెడగొట్టి, అది ఎర్రబడటం కళ్లారా చూసేదాకా లెక్కలోకి తీసుకోవద్దు. ఆ పని రోజూ చేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోకుండా పరీక్ష రాయొద్దు. మొదటిది అందరూ పాటించారు. రెండోదానికి మనిషిని ఇమ్మని అడిగిన ప్రతిసారీ, అంత తీరిక ఎవరికీ లేదనే జవాబు వచ్చింది.