యాడ కూర్చోవాలె మేడమ్?

సికింద్రాబాద్‌లో ఒక పెద్ద చీరల షోరూంలో కొన్నేళ్లు సేల్స్‌గర్ల్‌గా పనిచేశాను. పొద్దున షట్టర్ లేచింది మొదలు రాత్రి దించేదాకా మేం నిలబడే ఉండాలి. కస్టమర్లు లేనప్పుడు ర్యాకుకు ఆనుకున్నా, సీసీ కెమెరాలో చూసి మేనేజర్ అరిచేవాడు. నా పక్క కౌంటర్‌లో సీతాఫల్‌మండి నుంచి వచ్చే ఒక ముస్లిం అక్క ఉండేది, అందరం ఆపా అని పిలిచేవాళ్లం. ఆమె పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బిపోయాయి. భరించలేనప్పుడు బాత్‌రూంకి పోయి, తడి నేల మీదే కాసేపు కూలబడి వచ్చేది.

ఒకసారి మహిళా దినోత్సవానికి కంపెనీ మాకోసం ఆరోగ్య శిబిరం పెట్టింది. "మా ఆడబిడ్డల ఆరోగ్యం మా బాధ్యత" అని గుమ్మం దగ్గర ఫ్లెక్సీ కట్టారు. టీవీవాళ్లు వచ్చారు. కంపెనీ పెద్దాయన మైకు పట్టుకుని, మేమంతా ఒకే కుటుంబం అన్నాడు.

డాక్టరమ్మ ఆపా కాళ్లు చూసి, "ఇంతసేపు నిలబడకూడదమ్మా. మధ్యమధ్యలో కూర్చోవాలి" అంది.

ఆపా నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"యాడ కూర్చోవాలె మేడమ్? మాకు ఒక్క స్టూల్ సుత లేదు."

కెమెరాలు నా వైపు తిరిగాయి. మేనేజర్ పరుగెత్తుకొచ్చి, "ఏందమ్మా, గిప్పుడా గివన్నీ?" అని పళ్లు కొరికాడు.

"కుటుంబం అన్నరు గదా సార్. మీ ఇంట్లోళ్లను సుత గిట్లనే నిలబెడ్తరా?"

పెద్దాయన స్టూళ్లు వేయిస్తానని మైకులోనే ప్రకటించాడు. చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

ఆ వీడియో ఊరంతా తిరిగింది. మర్నాడే స్టూళ్లు వచ్చాయి. మమ్మల్ని కూర్చోబెట్టి, నవ్వమని ఫొటోలు తీసి కంపెనీ పేజీలో పెట్టుకున్నారు. వారం తిరక్కుండానే స్టూళ్లన్నీ గోడౌన్‌కు పోయాయి. కస్టమర్లకు అడ్డంగా ఉన్నాయట!

ఆపా ఎవరినీ అడగలేదు. తనే గోడౌన్‌కు పోయి ఒక స్టూల్ తెచ్చుకుని కౌంటర్ వెనక కూర్చుంది. మేనేజర్ లేవమన్నాడు. చీరలు చూస్తున్న ఒక పెద్దావిడ అతని మీదికి లేచింది.

"కూసోనియ్యి బిడ్డా. ఆమె కూసుంటే నీ చీరల రంగు పోతదా?"

మేనేజర్ పక్కకు తప్పుకున్నాడు. మేమందరం పోయి స్టూళ్లు తెచ్చుకున్నాం. మళ్లీ వాటిని తీసేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

నెలాఖరుకు నన్ను మాత్రం పనిలోంచి తీసేశారు. కస్టమర్లతో నా ప్రవర్తన బాగాలేదట. ఏ కస్టమర్‌తో అని అడిగితే, జీతం కవరు చేతిలో పెట్టి గుమ్మం చూపించారు.