కుందేళ్ల గుడారం, బుచ్చయ్య ప్లాటు

పిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపించబోయి, కట్టుకున్న మొగుణ్ణి పోలీసులకు అప్పగించినంత పని చేసిన ఆడది మీ ఎరుకలో ఎవరైనా ఉన్నారా? లేకపోతే ఇకనుంచి ఉన్నట్టే. నాచారంలో మా గల్లీకి వచ్చి అడగండి, మా ఇంటికి దారి చూపిస్తారు. చూపిస్తూ నవ్వుతారు కూడా.

అప్పటికి మా లడ్డూకు ఆరేళ్లు, వాడి చెల్లెలు పింకీకి నాలుగు. బడిలో టీచరమ్మ తల్లులందరినీ కూర్చోబెట్టి, పిల్లలకు రోజూ కాసేపు పుస్తకం చదవండి, ఆదివారం ఫోన్లు పక్కన పెట్టి బయట తిప్పి ఆడించండి అని చెప్పింది. నేను చదివింది ఐదో తరగతి. నా చదువు గతుకుల రోడ్డు మీద ఆటో పోయినట్టు ఉంటుంది, అక్షరానికో కుదుపు. అయినా బడి నుంచి తెచ్చిన కుందేళ్ల పుస్తకం మొదలుపెట్టాను. కుందేలమ్మ, కుందేలయ్య, ఇద్దరు పిల్లలు అడవికి పోయి గుడారం వేసుకుంటారు. ఇంతలో వాన మొదలవుతుంది. సరిగ్గా అక్కడ లడ్డూ పుస్తకం మూసేశాడు. మిగతాది గుడారంలోనే వింటాడట. పింకీ కూడా అన్న మాటే తన మాట అంది. నేను ఏ ధీమాతోనో, ఆదివారం గుడారం వేసి అందులోనే కథ పూర్తి చేస్తానని మాటిచ్చేశాను.

ఆదివారం గుడారానికని నా పెళ్లినాటి నెమలి దుప్పటి పట్టుకుని పార్కుకు పోతే, అక్కడి కాపలా అతను దాన్ని చూడగానే ఈల ఊదాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఉప్పల్ వైపు పోయే దారిలో ఒక ఖాళీ ప్లాటు. చుట్టూ మేడలు, మధ్యలో పిచ్చిచెట్లు. ప్రహరీ గోడ లేదు, అడిగే దిక్కు లేదు.

ఇక్కడ మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. ఫ్యాక్టరీలో ఫిట్టరు. గోడకు మేకు కొట్టమంటే, అవతలి ఇంట్లో దేవుడి పటం కింద పడేదాకా కొడతాడు. పిల్లలకు ముళ్లు గుచ్చుకుంటాయని పారతో ప్లాటంతా చెక్కేశాడు. పరుగుపందెంలో రోడ్డు మీదికి ఉరుకుతారని నాలుగు మూలలా ఇనుప చువ్వలు దిగ్గొట్టి, చుట్టూ తాడు కట్టాడు. మధ్యలో దుప్పటితో గుడారం లేపాడు.

"ఊగుతయేమో సూడయ్యా" అన్నాను.

"పదేండ్లయినా ఊగవే" అన్నాడు, ఎదురు మేడల వాళ్లందరికీ వినపడేట్టు.

మరి నేనేమన్నా తక్కువ తిన్నానా? తొక్కుడుబిళ్ల ఆడిద్దామని ముగ్గుపిండి పోసి అడ్డంగా, నిలువుగా గదులు గీశాను. తర్వాత పురుగూ పుట్రా గుర్తొచ్చి భయమేసింది. ఒక మూల రాయికి పసుపు రాసి, బొట్టు పెట్టి, అగరుబత్తి వెలిగించి, కొబ్బరికాయ కొట్టాను.

మీకు ఈపాటికి అర్థమైపోయింది. మాకే కాలేదు. హైదరాబాదులో ఒకరి జాగా చెక్కి, చువ్వలు పాతి, ముగ్గు పోసి, కాయ కొడితే దాన్ని కబ్జా అంటారని పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఎదురు మేడ మీది నుంచి ఒకామె ఏం చేస్తున్నారని అడిగింది. గుడారంలోంచి మా పింకీ తల బయటపెట్టింది.

"ఇది మా ఇల్లు. మేం ఇంక ఈడనే ఉంటం."

ఆమె వెంటనే ఎవరికో ఫోన్ కలిపింది. నేను ఆమెకు ఆప్యాయంగా చెయ్యి ఊపి, పులిహోర తింటారా అని సైగ చేశాను.

కాసేపటికి మేడిపల్లి నుంచి ప్లాటు యజమాని బుచ్చయ్య స్కూటర్ మీద దిగాడు. వయసు మళ్లిన పెద్దమనిషి. చంకలో ప్లాటు కాగితాల సంచి, వెనకాల ఆటోలో నలుగురు మనుషులు. కంగారులో హెల్మెట్ తీయడం మరిచిపోయి, దాంట్లోంచే మాట్లాడుతున్నాడు.

"ఎవలమ్మా మీరు? ఎవరు పంపిన్రు?"

"ఎవరు పంపలే పెద్దనాయనా. పిల్లలకు కత చెప్తున్న."

"కత చెప్పెటానికి కాయెందుకు కొట్టినవ్?"

"పాములు రావద్దని."

"చువ్వలు?"

"పిల్లలు ఉరకద్దని."

"మరి గీ గదులేంది?"

"తొక్కుడుబిళ్ల."

చెప్పిందంతా నిజమే. కానీ వరసగా వింటుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. సాయం రమ్మని మా ఆయన వైపు చూశాను. ఒక చేతిలో సుత్తి, బుగ్గ నిండా పులిహోర. ఆ నలుగురిలో ఒకాయన పోలీసులకు చేద్దామని ఫోన్ తీశాడు. బుచ్చయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘట్‌కేసర్ దగ్గర ఆయన జాగా ఒకటి ఇంతకుముందే పోయిందట. ముందు ఒక గుడిసె వేశారు, తర్వాత గోడ కట్టారు, ఆ తర్వాత నువ్వెవరని ఈయన్నే అడిగారు. ఇక మిగిలింది ఈ ప్లాటే. అది విన్నాక నాకు మొగుడు జైలుకు పోతాడన్న భయం ఒకవైపు, పెద్దాయన్ని ఏడిపించానన్న సిగ్గు ఒకవైపు.

ఇవేవీ పట్టని లడ్డూ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"అమ్మా, వాన పడ్డది. ఆడికెల్లి సదువు. మాటిచ్చినవ్."

బుచ్చయ్య నన్నూ, పుస్తకాన్నీ మార్చి మార్చి చూశాడు. "సదువు. నేను గూడ సూస్త" అన్నాడు.

నేను మొదలుపెట్టాను. నా ఐదో తరగతి పరీక్షకు కూడా అంత చెమట పట్టలేదు. గాలికి గు... డా... రం ఎగిరిపోయింది. కుం... దే... ళ్లు తడుస్తూ పోయి తాబేలు తలుపు కొట్టాయి. ఒక్కో మాటకూ అందరి మెడలూ నా వైపు సాగుతున్నాయి. కబ్జా చేసేటోళ్లు ఇంత నిమ్మళంగా చదవరని ఫోన్ తీసినాయన గొణిగి, దాన్ని జేబులో పెట్టేశాడు. నేను మాత్రం ఒక ఒత్తు దగ్గర ఇరుక్కుపోయాను.

"తెరిచిందా?" అన్నాడు బుచ్చయ్య.

"ఎవరు పెద్దనాయనా?"

"తాబేలమ్మా. తలుపు తెరిచిందా, లేదా?"

పింకీ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. "తెరుస్తది తాతా. నాకు తెలుసు."

అప్పుడు తీశాడు బుచ్చయ్య హెల్మెట్. తీసి గుడారం నీడలో కూలబడ్డాడు. తాబేలు నిజంగానే తలుపు తెరిచింది. దాని ఇంట్లో నలుగురు ఎట్లా పడతారని ఆటోలో వచ్చినాయన అడిగితే, జర సప్పుడు జేయకని బుచ్చయ్య ఆయన్ను కసిరాడు. కథ కంచికి పోయింది, పులిహోర వాళ్ల కడుపుల్లోకి పోయింది.

పోయేటప్పుడు మా ఆయన చువ్వలు పీకబోతే ఒక్కటీ కదల్లేదు. బుచ్చయ్య వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్ బిడ్డా, మస్తు గట్టిగ దిగినయ్. గుడారం గూడ ఉండనియ్. ఆయితారం ఆయితారం వచ్చి గిట్లనే కత చెప్పున్రి. మీరుంటే ఇంకోడు రాడు."

అట్లా నేను, నా పెళ్లినాటి నెమలి దుప్పటి సాక్షిగా, జీతం లేని ప్లాటు కాపలాదారునయ్యాను. ప్రతి ఆదివారం పిల్లల కంటే ముందు బుచ్చయ్యే వచ్చి చాప పరిచేవాడు.

ఆ పసుపు రాయి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. నా బొందిలో ప్రాణం ఉండగా ప్రహరీ లేని జాగాలో ముగ్గు పొయ్యను, కాయ కొట్టను, మా ఆయన చేతికి సుత్తి ఇవ్వను.

తర్వాతి పుస్తకంలో కుందేళ్లు రైలెక్కాయి, మిగతాది రైల్లోనే వింటానన్నాడు లడ్డూ. మౌలాలి స్టేషన్‌కు బయల్దేరే ముందు, ఎందుకైనా మంచిదని మా ఆయన సంచి వెతికాను. టిఫిన్ డబ్బా కింద సుత్తి దొరికింది.