ముందు నువ్వు నములు

సత్తెమ్మ నోరు మంచిది కాదని మా ఊళ్లో అందరూ అంటారు. నేనూ అంటాను, పక్కింటిదాన్ని, ఆ నోటి దెబ్బలు అందరికన్నా ఎక్కువ తిన్నదాన్ని. కానీ పచ్చకామెర్ల పిల్లను చంకనేసుకుని ఏ తల్లి వచ్చినా మొదట ఆకు నమిలేది ఆ నోరే. నేల ఉసిరి మందు ఇచ్చేవాళ్లు ముందు తాము గుప్పెడు నమిలి మింగాలి, పైసా ముట్టకూడదు. అది ఆమె అత్తగారింటి కట్టుబాటు. తను మింగాకే మిగతా ఆకు నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది.

కొన్నేళ్ల కింద వానాకాలంలో మందుల కంపెనీ కాలువ పొంగి, నురగ నీళ్లు ఆమె పొలం మీదుగా పారాయి. వరి ఎర్రబారిపోయింది. గట్టు మీద నేల ఉసిరి మాత్రం మునుపటికన్నా గుబురుగా మొలిచింది. గుమ్మడిదల నుంచి పిల్లతో వచ్చిన ఒకామె ముందు సత్తెమ్మ ఎప్పటిలాగే నమిలింది. సత్తెమ్మ నాలుక పొక్కిపోయింది. పిల్లను ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పి, అప్పటి నుంచి ఎవరొచ్చినా వాకిట్లోంచే తిప్పి పంపుతోంది. అలా పంపిన పూట ఇంట్లో ఎవరితోనూ మాట్లాడదు.

ఈ ఏడు అదే కంపెనీ తన గేటు పక్కన ఔషధ మొక్కల తోట వేసి, చూడటానికి రమ్మని మా మహిళా సంఘాన్ని పిలిచింది. సత్తెమ్మ కొడుకు మహేష్ అక్కడే పని చేస్తాడు. పెళ్లయి బిడ్డ పుట్టినా ఇంకా కాంట్రాక్టు కిందే. "మీ అమ్మను తీసుకురా, నీ పర్మనెంట్ సంగతి నేను చూస్తాను" అన్నాడట మేనేజర్ బాపిరాజు. సత్తెమ్మ కిక్కురుమనకుండా బయలుదేరింది. నాకు అప్పుడే భయమేసింది.

తోట బాగుంది, అబద్ధమెందుకు. తిప్పతీగ పందిరి, అడ్డసరం, నేలవేము, దేని బోర్డు దానికే. ఎర్రమట్టి ఎక్కడి నుంచో లారీల్లో తెచ్చారు. ట్యాంకరుకు పైపు పెట్టి ఒకతను నీళ్లు పడుతున్నాడు. మా బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా వాటికి పోయలేదు. మమ్మల్ని మాత్రం అవే తాగమంటారు! నాకు ఒళ్లు మండిపోయింది.

నేల ఉసిరి మడి దగ్గర బోర్డు మీద సత్తెమ్మ పేరుంది. ఆమెకు చదువు రాదు, నేనే చదివి వినిపించాను: "ఈ మొక్కలు గ్రామ వైద్యురాలు సత్తెమ్మ గారి పొలం నుంచి సేకరించినవి."

"నా పొలంల ఎవడు పీకిండు?" అంది సత్తెమ్మ.

బాపిరాజు నవ్వాడు. పక్కన పట్నం నుంచి వచ్చిన అతిథులు, ఒక కెమెరా అతను. "గౌరవంగా ఉంటుందని రాయించామమ్మా. ఈ మొక్క పట్టుకుని ఒక్క ఫోటో దిగండి. మీ పొలం ఎంత బాగుందో అందరికీ తెలుస్తుంది."

ఆ ఫోటో పేపర్లో పడితే కాలువ మీద మేము పెట్టిన ఫిర్యాదు అక్కడితో సరి. జనం పిల్లలను ఎత్తుకుని మళ్లీ ఆ గట్టు మీదికే వస్తారు.

సత్తెమ్మ కొంగు ముడి విప్పింది. లోపల పొద్దున తెంపిన నేల ఉసిరి రెమ్మలు.

"గిది నిజంగ నా గట్టుది సారూ. మా ఇంట్ల ఒక కట్టుబాటుంది. మందని చెప్పేటోడు ముందుగాల నమలాలె. నువ్వు నములు, నేను ఫోటో దిగుత."

అతిథులు బాపిరాజు వైపు చూశారు. "నాకు అలవాటు లేదమ్మా" అని నీళ్లు నమిలాడు. అంతలో మహేష్ కనిపించాడు. "ఏం మహేష్, మీ ఆకేగా! నువ్వు తిని చూపించు."

మహేష్ చెయ్యి చాపాడు. తల్లి నాలుక పొక్కిన సంగతి తెలిసీ చాపాడు, పర్మనెంట్ ఆశ అలాంటిది. ఆకు నోటిదాకా వెళ్లింది. సత్తెమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. ఆకు కింద పడింది.

"నా నోరు కాలింది సాలు. నీది కాలనియ్య. నౌకరి పోతె పోనీ బిడ్డా!" అంది.

మహేష్ వంగి, ఆకు ఏరి, మట్టి దులిపి బాపిరాజు అరచేతిలో పెట్టాడు.

"మా అమ్మ అడిగింది మిమ్మల్ని సార్. మీరే నమలుండ్రి."

బాపిరాజు ఆకును విదిలించి పారేశాడు. గబగబా నడిచి, నీళ్లు పడుతున్నతని చేతిలోంచి పైపు లాక్కుని, అందరి ముందూ ఆ ట్యాంకరు నీళ్లతో రెండు చేతులూ రుద్ది రుద్ది కడుక్కున్నాడు. మా సంఘం ఆడవాళ్ల ఫోన్లన్నీ అప్పటికే పైకి లేచి ఉన్నాయి.

సత్తెమ్మ కొంగు దులుపుకుంది.

"ఫోటో అయిపాయె. ఇగ పోదాం పాండ్రి."